పాత సింత్, ఒక్క వేలి పాట

మొన్న శుక్రవారం సాయంత్రం మీ జేజి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చీర మీద మగవాళ్ళ కోటు తొడుక్కుని, ఇంగ్లీషువాళ్ళందరి ముందు స్టేజీ ఎక్కింది. నవ్వకండి. ఆ రోజు నన్ను కూడా నవ్వొద్దనే చెప్పారు. అప్పుడు ఆపుకున్నదంతా ఇప్పుడొస్తోంది, ఇది రాస్తూ ఇప్పటికే పెన్ను పక్కన పెట్టి నవ్వుకున్నాను.

వీడియో చూసి మీ నాయన ఫోన్ చేశాడు. "ఏందిమా ఆ యాసం? దుబాయ్‌కి పొయ్యి సినిమావోళ్ళల్లో కలిసినావా?" అన్నాడు. ఇది దుబాయ్ కాదురా, ఖతర్ అని వాడికి ఎన్నిసార్లు చెప్పినా అంతే. మీరు కూడా బడిలో మా జేజి దుబాయ్‌లో ఉందనే చెబుతారట. పోనీలెండి. అలా కోప్పడ్డవాడే ఆ వీడియోను ఊరందరికీ పంపాడట. అందరికీ ముక్కా చెక్కా తెలిసింది, మీకైనా మొత్తం చెబుదామని కూర్చున్నాను. నా గొంతు చిన్నది. ఫోన్లో అయితే మీరు "వినపడ్ల్యా జేజీ" అని గోల చేస్తారు. కాగితం మీద ఆ బాధ లేదు.

నేను పనిచేసే ఇల్లు దోహాలోని అబూ హమూర్‌లో. మేడమ్ ఆస్పత్రిలో డాక్టరు, పొద్దున వెళితే చీకటి పడ్డాకే రాక. సార్ ఇంట్లోనే ఉంటారు. జుట్టంతా తెల్లబడిన పొడుగు ఇంగ్లీషు మనిషి, వంటింట్లోకి వస్తే తల వంచుకుని రావాలి. వాళ్ళకు లేక లేక పుట్టిన ఒక్క కూతురు. నేను చేరినప్పుడు ఊయలలో ఉంది, ఇప్పుడు బడి చదువు అయిపోవచ్చింది. ఈ వేసవికి కాలేజీకని ఇంగ్లండు వెళ్ళిపోతోంది. నేను పాప అంటాను, తను అవ్వా అంటుంది. నా కొంగు పట్టుకుని తిరిగిన పిల్ల కాబట్టి తెలుగు బాగా వచ్చు. అదీ పుస్తకాల తెలుగు కాదు, అచ్చం మన రాయచోటి తెలుగు. కళ్ళు మూసుకుని వింటే మన వీధి కొళాయి దగ్గర పోట్లాడే పిల్లే అనుకుంటారు. కళ్ళు తెరిస్తే బంగారు రంగు జుట్టు. మా డ్రైవర్‌దీ మన వైపే, నన్ను అక్కా అంటాడు. మొదటిరోజు వెనక సీట్లోంచి "యాడికి పోతాండావు, ఇట్ల తిప్పు" అని వినపడేసరికి కారు ఆపేసి వెనక్కి తిరిగి చూశాడట, ఇంకెవరెక్కారా అని.

ఇక సార్ సంగతి. ఆయనకు పాటలంటే ఇష్టమని తెలుసు గానీ, ఒకప్పుడు తానే పాటలు కట్టిన మనిషని చాలా ఏళ్ళకు పాప చెబితే తెలిసింది. ఇంగ్లండులో ఉత్తరాన, ఎప్పుడూ వాన, ఎప్పుడూ ఫ్యాక్టరీల పొగ ఉండే ఊరట. అప్పట్లో పాటంటే గిటారు, డ్రమ్ములు, చెమటలు కారేలా గెంతడం. సార్‌కూ, ఆయన స్నేహితుడికీ గిటారు రాదు. అందుకని ఒక కొత్త మిషన్ పట్టుకున్నారు. మన భజన హార్మోనియం ఉంది కదా, దాని తిత్తి పీకేసి, కరెంటు పెట్టి, ముందంతా రేడియోకి ఉండే తిప్పుడు గుండీలు బిగించినట్టు ఉంటుంది. మెట్టు నొక్కి ఒక గుండీ తిప్పితే తుమ్మెద. ఇంకోటి తిప్పితే రైలు కూత. మూడోది తిప్పితే ఏ జంతువూ అరవని అరుపు. స్నేహితుడి దగ్గర ఇంకో పెట్టె ఉండేది. స్విచ్ వేస్తే తప్ తప్ తప్ అని అదే తాళం వేసుకుంటుంది. జనం "డ్రమ్ములు కొట్టేవాడేడీ?" అని అరిస్తే వీళ్ళు ఆ పెట్టెను చూపించేవారట. "గిటారేదిరా?" అని సీసా మూతలు విసిరేవారట. ఆ మూతల గురించి చెప్పేటప్పుడు సార్ ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోతుంది.

ఒక్క వేలితో వాయించేవారట. రెండో వేలు వాడితే గొప్పలు పోతున్నట్టు లెక్క. కళ్ళకు కాటుక, పిచ్చుకగూడు జుట్టు, ముఖం మాత్రం బ్యాంకులో వరసలో నిలబడ్డవాడిలా. నవ్వకూడదు. మిషన్ పక్కన నిలబడ్డ మనిషి మిషన్‌లాగే ఉండాలని వాళ్ళు పెట్టుకున్న నియమం. ఆ తర్వాత అదే కాటుకతో, అవే మిషన్లతో వచ్చిన కుర్రాళ్ళు ప్రపంచమంతా తిరిగారు. వీళ్ళ పాట రేడియోలో కొన్నాళ్ళు మోగి ఆగిపోయింది. "తలుపు తోసింది మేము, కుర్చీల్లో కూర్చున్నది వాళ్ళు," అంటారు సార్ నవ్వుతూనే. స్నేహితుడు పశువైద్యం చదివి, ఇప్పుడు ఊరవతల అల్ షహానియాలో పందెం ఒంటెలకు డాక్టరు. ఆయన పిలిస్తేనే సార్ వాళ్ళు ఈ దేశం వచ్చారు.

సార్ పాత మిషన్ కూడా ఆ డాక్టరు తోటలోనే ఉంది. ఆ ముక్క నాకు తెలియదు. ఎందుకంటే ఇంట్లో దాన్ని ఎవరూ అసలు పేరుతో పిలిచేవారు కాదు. సార్ "ఓల్డ్ గర్ల్" అనేవారు. "ఓల్డ్ గర్ల్ షహానియాలో ఎలా ఉందో, ఈ ఎండలకు ఏమైపోతుందో" అని నిట్టూర్చేవారు. నేనేమో ఎవరో ముసలామె, సార్‌కు మేనత్త వరస, ఒంటెల మధ్య ఒంటరిగా ఉందనుకుని ఏళ్ళ తరబడి జాలిపడ్డాను. పండక్కి అరిసెలు చేసినప్పుడల్లా ఒక డబ్బా కట్టి, "ఓల్డ్ గర్ల్‌కు" అని డాక్టరు చేతికిచ్చేదాన్ని. ఆయనా ఏమీ తెలియనట్టు తీసుకుపోయి, ఓల్డ్ గర్ల్‌కు చాలా నచ్చాయట, ఇంకొన్ని ఉంటే పంపమంది అని కబురు పెట్టేవాడు. దొంగమొహం.

పాపకు తండ్రి పిచ్చే పట్టింది, కానీ ల్యాప్‌టాప్‌లో. ఇప్పటి పిల్లలు మళ్ళీ ఆ పాత శబ్దాల వెంటే పడ్డారట. సార్ పెదవి విరిచేవారు. తగాదా అంతా వంటింట్లో నా ముందే. సార్ ఇంగ్లీషులో ఒకటి అనడం, పాప నా దగ్గరకొచ్చి తెలుగులో చాడీ చెప్పడం.

"సూడవ్వా, మా నాయన ఏమంటాండాడో. నాది ప్లాస్టిక్ పువ్వంట!"

"నువ్వేమన్నావు?"

"నీది ఎండిపొయిన పువ్వు అన్యా."

అలా ఉండగా పాప ఒక పాట కట్టింది. సార్ పాటల్లో వాన, పొగగొట్టాలు. దోహాలో పుట్టిన పిల్లకు వాన ఎక్కడిది? దీని పాటంతా నా గదిలో ఏసీ గురించి. చిన్నప్పుడు మధ్యాహ్నాలు నా పక్కనే పడుకునేది. పాత కిటికీ ఏసీ, గుర్ర్ మని ఒకటే గురక. ఆ గురకను కింద పరుపులా పరిచి, దాని మీద పాడుతుందట. ల్యాప్‌టాప్‌లో ఎంత వెతికినా ఆ గుర్రు దొరకలేదు. షహానియాలో ఉన్నదాని మీదైతే వస్తుందని తండ్రీ కూతుళ్ళు మొదటిసారి ఒక మాట మీదికి వచ్చారట, అది నాకు తర్వాత తెలిసింది.

పాప బడి పచ్చిక మీద చలికాలం సాయంత్రం పాటల కచేరీ పెట్టారు. ముందు పాతవాళ్ళు, అంటే సార్, ఒంటెల డాక్టరు. తర్వాత కొత్తవాళ్ళు, అంటే పాప, దాని స్నేహితురాలు. కొత్తవాళ్ళకు ఒకటే పాట. పాప ఇంతవరకు జనం ముందు పాడలేదు. పోయినేడు పేరిచ్చి, తీరా పిలిచే వేళకు కడుపునొప్పి అని నా గదిలో దుప్పటి ముసుగేసి పడుకుంది. ఈసారి ముందే చెప్పేసింది.

"ఆ గుర్రు సరిగ్గా రాకుంటే నేను ఎక్కనవ్వా. ఖలాస్."

అది నిజంగా శబ్దం కోసమో, దుప్పటి కోసం ముందుగా వేసుకున్న దారో నాకు తెలియలేదు. వేసవికి వెళ్ళిపోయే పిల్ల. వెళ్ళేలోపు ఒక్కసారి, గిన్నెల చప్పుడు మధ్య కాకుండా, నలుగురి ముందు దాని గొంతు వినాలని నా కోరిక. పాడుతుందా, ముసుగేస్తుందా? ఆ వారమంతా నాకు అదే రంధి.

అందుకే సార్‌కు ఒకటే చెబుతూ వచ్చాను. పాడే పిల్లకు కొత్త చింతపండు పెట్టకూడదు, దగ్గొస్తుంది. పాత చింతపండు చారైతే గొంతుకు మంచిది, కానీ ఇక్కడ మార్కెట్లో పాతది దొరకదు అని. నాకొచ్చిన ఇంగ్లీషులో, ఓల్డ్ గుడ్, న్యూ నో గుడ్. సార్ బుద్ధిగా తల ఊపేవారు.

కచేరీకి ముందురోజు పొద్దున సార్ డ్రైవర్‌ను పిలిచి ఏదో చెప్పి పంపారు. కాసేపటికి నాకు ఫోన్.

"అక్కా, సార్ షహానియాకు పొమ్మన్యాడు. ఒంటెల డాక్టర్ తోటలో పాత సింత ఉండాదంట, తెమ్మన్యాడు."

"పాత సింతా?"

"ఓల్డ్ సింత్, ఓల్డ్ సింత్ అని ఒకటికి రెండుమార్లు జెప్పినాడక్కా. నల్లగా ఉంటాదంట. ఎండ తగలగూడదంట, తడి తగలగూడదంట. శానా పాతది, జాగర్త అన్యాడు. సింతపండే గదా?"

మన వైపు నోళ్ళలో చింతపండు సింతపండే కదా. పైగా నల్లనిది, ఎండా తడీ తగలకూడనిది. ఇక అనుమానం దేనికి? అంత పెద్దమనిషి నా మాట చెవిన పెట్టి, కూతురి గొంతు కోసం ఎక్కడో ఒంటెల మధ్య పాత చింతపండు వెతికి పట్టుకున్నాడే అని నాకు కళ్ళు చెమర్చాయి.

"అదేబ్బీ, సింతపండే! పాప గొంతుకు. బద్రంగా త్యా," అన్నాను.

డాక్టరు ఆ పూట పందేల దగ్గర ఉన్నాడు. తోటలో ఒంటెలకు మేత వేసే మనిషిది జగిత్యాల వైపు. డ్రైవర్ ఫోన్ స్పీకర్‌లో పెట్టి అతనితో మాట్లాడించాడు.

"పాత చింతపండా? మీ సార్ చెప్పిండా?" అన్నాడతను.

"ఊ. మీ కాడ ఉండాదంట గదన్నా."

"ఉన్నది గనీ, గది నాది గదనే! పోయినేడు ఇంటికాడికెళ్లి తెచ్చుకున్న. మీ సార్‌కెట్ల తెలిసె?"

నేను ఫోన్లోంచే అన్నాను. "పాడే పిల్లకు నాయనా. గొంతుకు."

"పిల్లకా? అట్లయితె తీస్కపోండ్రి అక్కా. మంచిగ నల్లగైంది, మందు లెక్క ఉంటది." తర్వాత డ్రైవర్ వైపు తిరిగినట్టున్నాడు. "ఓ బయ్, కొంచెం నాకుంచు. అంత ఊడ్సుకపోకు!"

కారు వచ్చేసరికి నేను వాకిట్లో ఉన్నాను. వెనక సీట్లో ప్లాస్టిక్ డబ్బా, దాని చుట్టూ దుప్పటి, దుప్పటి మీద సీటు బెల్టు. ఏసీ ఎంత పెట్టాడంటే అద్దాలన్నీ మసకబారాయి. హారన్ విని సార్ చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చారు, రెండు చేతులూ చాపి, బాలింతను ఇంటికి తెచ్చుకుంటున్నవాడిలా. తలుపు తీశారు. దుప్పటి తీశారు. మూత తీశారు. వాసన చూశారు. మళ్ళీ మూత పెట్టి, డ్రైవర్ వైపు, నా వైపు, ఆకాశం వైపు చూశారు.

పాప బయటికొచ్చింది. "ఇదేందవ్వా?"

"సింత, పాపా. పాతది. మీ నాయన తెప్పించినాడు."

"సింత గాదవ్వా, సింత్! సింత్! సింథసైజర్, మా నాయన మిషన్!" అని, ఇంగ్లీషులో తండ్రికి ఏదో చెప్పింది. సార్ గోడకు ఆనుకుని మెల్లగా జారి నేల మీద కూర్చున్నారు. ఏడుస్తున్నారనుకుని దగ్గరికి వెళ్ళాను. నవ్వు. ఊపిరాడని నవ్వు. డ్రైవర్ ఇంకా అర్థం కాక, "ఇంగా పాతది గావాల్నంటనా అక్కా?" అన్నాడు. దాంతో పాప కూడా కింద కూర్చుంది.

"మరి ఓల్డ్ గర్ల్ ఎవరు?" అని అడిగాను నేను.

"అదే ఇదవ్వా! మిషనే!"

"అయితే నా అరిసెలు?"

పాప అది సార్‌కు చెప్పకుండా ఉండాల్సింది. ఆ తర్వాత ఆయన చాలాసేపు లేవలేదు.

నవ్వు అయ్యాక ఒక్కొక్కరికీ విషయం తలకెక్కింది. ఆ పాత మిషన్‌కు అసలు జ్ఞాపకం ఉండదట. ఇప్పటివాటిలా శబ్దాన్ని దాచుకోదు. ప్రతిసారీ గుండీలన్నీ మొదటినుంచి తిప్పి వెతుక్కోవాలి. పైగా ఏళ్ళ తరబడి ముట్టుకోనిది, ముందురోజే తెచ్చి వేడెక్కనివ్వాలి. ఆ రోజు కాస్తా చింతపండు తినేసింది. డాక్టరుకు ఫోన్ చేస్తే, రేపు ఒంటెలను చూసుకుని నేనే తెస్తానన్నాడు. పాప తన గదిలోంచి దుప్పటి తెచ్చి నా మంచం మీద పెట్టింది. 

శుక్రవారం మధ్యాహ్నం డాక్టరు "యల్లా, యల్లా" అని అరబ్బీలో తొందరపెడుతూ పికప్‌లో దిగాడు. మిషన్‌కు ఒంటెల వాసన. ప్లగ్ పెడితే ఎర్ర దీపం వెలిగింది. అందరం చప్పట్లు కొట్టాం. మెట్టు నొక్కితే బర్రె ఈనేటప్పుడు అరిచినట్టు ఒక అరుపు. అందరం వెనక్కి దూకాం.

అప్పుడు మొదలైంది మా తిరుగుడు. చలికాలంలో నా గది ఏసీ వేశారు. సార్ వెళ్ళి దాని గుర్రు విని, అది మర్చిపోకుండా నోటితో "మ్మ్మ్" అని అనుకుంటూ హాల్లోకి పరుగెత్తి గుండీ తిప్పడం. పాప ఎదురుగా ఇంకో "మ్మ్మ్" తో రావడం. గుమ్మంలో ఇద్దరూ గుద్దుకుని, ఎవరి గుర్రు ఎవరిదో కలిసిపోయి మళ్ళీ మొదటికి రావడం. మేడమ్ సెలవురోజు కదా అని స్వెట్టర్ వేసుకుని సోఫాలో కూర్చుని, పిచ్చాస్పత్రిలో డ్యూటీ పడ్డట్టు చూస్తున్నారు. చివరికి దొరికింది. నా గది హాల్లోకి వచ్చి కూర్చుందా అన్నట్టు దొరికింది.

కానీ నిలవదే! వేడెక్కితే గుర్రు పైకి పోతుంది, గాలి తగిలితే కిందికి దిగుతుంది.

"మనూళ్ళో వాయించే పలకలు మంటకాడ కాపినట్లే గదక్కా ఇది," అన్నాడు డ్రైవర్.

పాట అయ్యేదాకా ఒక చేత్తో మెట్టు నొక్కిపట్టి, ఇంకో చేత్తో గుండీని సరిచేస్తూ ఒక మనిషి నిలబడాలి. ఆ పని పాప స్నేహితురాలిది. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల ఫోన్. ఒళ్ళంతా పొక్కులు, ఆటలమ్మ పోసింది.

పాప చెయ్యి మెల్లగా కడుపు మీదికి పోయింది. నేను చూశాను.

సార్ వెంటనే తాను నొక్కుతానన్నారు. పాప తల అడ్డంగా ఊపింది. నాకు తెలుగులో చెప్పింది, "నాయన ఊరికే ఉండలేడవ్వా. ఒక మెట్టుతో మొదలుపెట్టి పది నొక్కుతాడు. అది ఆయన పాటైపోతాది." సార్‌కు ఏం అర్థమైందో గానీ, తప్పు పట్టుబడ్డవాడిలా వేళ్ళు జేబులో పెట్టుకున్నారు. డాక్టరుకు తాళం పెట్టె పని ఉంది. పాప చుట్టూ చూసి, నా దగ్గర ఆగింది.

"అవ్వా."

"నా పక్క సూడొద్దు."

"ఆ గుర్రు నాకంటే నీకే బాగా తెలుసు. నిద్దర్లో గూడా తెలుసు. దిగితే ఇట్ల తిప్పు, ఎక్కితే అట్ల తిప్పు. ఒక్క ఏలు. అంతే."

"అందరూ సూస్తారు నాయనా. నాకు సిగ్గు."

"నాకు గూడా సిగ్గే. నువ్వు ఎక్కితే నేను ఎక్కుతా. ల్యాకుంటే ఇద్దరం పొయ్యి పండుకుందాం."

ఇంక నేనేం చెయ్యను? దాని పాట నా వేలి చివరికి వచ్చి ఆగింది. సరేనన్నాను. ఎంత మెల్లగా అన్నానంటే "ఏందీ?" అని మళ్ళీ అడిగింది.

వేషాలు మొదలయ్యాయి. సార్ తన పాత కోటు తీశారు, భుజాల్లో దిండ్లు కుట్టినట్టుంది. అది నా చీర మీద వేశారు. నేను మంచం కోడులా నిలబడ్డాను. సార్ నా కాటుక డబ్బీ అడిగి, అద్దం ముందు నిలబడి రెండు కళ్ళకూ దిద్దుకున్నారు. డాక్టరు కూడా దిద్దుకున్నాడు. డ్రైవర్ తలుపు దగ్గర నోరు తెరిచి, "దిష్టి తగుల్తాదని పెట్టినావా అక్కా?" అన్నాడు. ఇక నా నవ్వు ఆగలేదు.

"నగొద్దవ్వా! స్టేజీ మీద నగొద్దు. మిషన్ మాదిరి ఉండాల," అంది పాప.

"నగొస్తే?"

పాప డాక్టరును అడిగింది. ఒంటె పళ్ళను తలుచుకోమన్నాడు. తలుచుకున్నాను. ఇంకా ఎక్కువైంది. అందుకే నల్లకళ్ళద్దాలు.

బడి పచ్చిక మీద కుర్చీలు, చెట్లకు దీపాలు. పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు పిలుపు అయ్యాక మొదలుపెట్టారు. ముందు వరసల్లో తెల్లజుట్టు ఇంగ్లీషువాళ్ళు. వాళ్ళలో కూడా కొందరు కాటుక పెట్టుకొచ్చారు, అద్దం లేకుండా పెట్టుకున్నారేమో, తలా ఒక పక్కకు పోయింది. వెనక గోడ దగ్గర డ్రైవర్లు, ఆయాలు. సార్, డాక్టరు ఎక్కారు. తప్ తప్ తప్ మొదలయింది. సార్ ఒక్క వేలితో, చూపు ఎక్కడో పెట్టి వాయిస్తుంటే నాకు తెలిసిన సార్ కాదనిపించింది. పాట మధ్యలో ఒక ముసలాయన లేచి "గిటారేదీ?" అని అరిచి సీసా మూత విసిరాడు. అది సార్ కోటుకు తగిలింది. ఆయన నవ్వలేదు, నియమం కదా, కానీ ఆ మూత ఏరి జేబులో పెట్టుకున్నారు.

తర్వాత మా పేరు పిలిచారు. పాప చెయ్యి పట్టుకుంటే ఫ్రిజ్‌లోంచి తీసిన దోసకాయలా ఉంది. నాది అంతకన్నా చల్లగా ఉందేమో, "అవ్వా, నువ్వు గూడానా?" అంది. ఎక్కాం.

మెట్టు నొక్కాను. గుర్ర్ మంది. సరిగ్గా అదే. అంతలో ఎడారి వైపు నుంచి ఒక చల్లగాలి వచ్చింది, గుర్రు జారింది. గుండీ తిప్పాను, ఎక్కువ తిప్పేశాను. ఎవరో చెవులు మూసుకున్నారు. పాప నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు, దుప్పటి వెతుక్కునే చూపు. నేను కళ్ళు మూసుకున్నాను, నా మంచం మీద పడుకున్నాననుకున్నాను. మెల్లగా వెనక్కి తిప్పాను. ఇంకొంచెం. అక్కడ. ఆగింది. పాప ఊపిరి పీల్చింది.

పాడింది.

మీకెలా చెప్పను? ఇంగ్లీషు పాట. బయట ఊరంతా కాలుతుంటే ఒక గది మాత్రం చల్లగా నిద్రపోతోందని దాని అర్థం. నిటారుగా నిలబడి, చెయ్యి కదపకుండా, నవ్వకుండా, వాళ్ళ నాయన నియమంలోనే పాడింది. కానీ గొంతు మిషన్ గొంతు కాదు. మొదట సన్నగా, అంచున నిలబడ్డట్టు ఉంది. రెండో చరణానికి కుర్చీలు దాటింది. మూడో చరణానికి వెనక గోడ దాకా పోయింది, అక్కడ మన డ్రైవర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. గాలి వస్తే ఇటు, వెచ్చబడితే అటు, నేను తిప్పుతూనే ఉన్నాను.

పాట అయిపోయింది. తాళం పెట్టె ఆగింది. పాప నోరు మూసుకుంది. గుర్ర్ మాత్రం ఆగలేదు. ఎందుకంటే ఎప్పుడు నొక్కాలో చెప్పారు గానీ, ఎప్పుడు ఎత్తాలో నాకు ఎవరూ చెప్పలేదు. జనం చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక చూస్తున్నారు. ఇది కూడా పాటే అనుకుని ముందు వరస ముసలాయన గంభీరంగా తల ఊపుతున్నాడు.

పాప పెదవులు కదలకుండా అంది, "అవ్వా, ఏలెత్తు."

మైకు నోటి దగ్గరే ఉంది. పచ్చికంతా వినపడింది. నేను కంగారులో "ఆఁ?" అన్నాను.

"ఏలెత్తు!"

వెనక గోడ దగ్గర మనవాళ్ళు గొల్లుమన్నారు. డాక్టరుకు అది కొత్త చరణంలా వినపడిందో ఏమో, టక్కున తాళం వేశాడు. తప్ తప్ తప్. పాప నా వైపు చూసి, జనం వైపు చూసి, ఆ తాళం మీదే "ఏలెత్తు, ఏలెత్తు" అని పాడేసింది. ముందు వరసలో కాటుక ముసలాళ్ళు అందుకున్నారు. "యేలెట్టూ, యేలెట్టూ!" సార్ కింద నిలబడి రెండు చేతులూ పైకెత్తి అరుస్తున్నారు. మేడమ్ కూడా. అంతమంది ఇంగ్లీషువాళ్ళు ఒక్క గొంతుతో నన్ను వేలెత్తమంటున్నారు.

మొదట తెలియక ఎత్తలేదు. అప్పటికి తెలిసింది. అయినా ఎత్తలేదు. పాప పాడుతూనే ఉంది, గొంతు ఎక్కడా ఆగడం లేదు, నేను ఎత్తితే పాట అయిపోతుంది. చివరికి పాపే పాడుకుంటూ నా దగ్గరికి వచ్చి, నా వేలు పట్టుకుని, మెట్టు మీద నుంచి మెల్లగా పైకి తీసింది.